'కనిపెట్టుచున్నది' అంటే వెదికి పట్టుకోవడమా, కాచుకొని ఉండడమా?

అందరికీ నమస్కారం. ఒకే ఒక్క క్రియాపదం గురించి అడగాలని వచ్చాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా ఇంట్లో సాయంకాల ప్రార్థనలో కీర్తనల గ్రంథం వంతులవారీగా చదువుతాం. మొన్న మా అమ్మాయి వంతు వచ్చింది. ఆరో తరగతి చదువుతోంది. 130వ కీర్తన తీసి, ఆరో వచనం దగ్గర ఆగిపోయింది.

"కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది."

"అమ్మా, టెలిఫోను గ్రాహంబెల్ కనిపెట్టాడు. అంతకుముందు అది లేదు. ఉదయం రోజూ వస్తుంది కదా, దాన్ని కనిపెట్టడం ఏమిటి? దేవుణ్ణి కనిపెట్టడం ఏమిటి?" అని అడిగింది.

ఇక్కడ ఎదురుచూడటం అని అర్థం, అన్నాను. "అయితే ఎదురుచూడటం అనే రాయవచ్చు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి పడుకున్నాక మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. బాపట్ల దగ్గర పల్లె. అమ్మమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, దుప్పటి భుజాల చుట్టూ కప్పుకొని, నడవాలో గోడకు ఆనుకొని కూర్చునేది. పెదవులు కదిలేవి కావు. చేతిలో పుస్తకం ఉండేది కాదు. సెలవులకు వెళ్లినప్పుడు ఒకసారి నిద్ర మధ్యలో లేచి, "ఏం ప్రార్థన చేస్తున్నావు అమ్మమ్మా?" అని అడిగాను. "ఏమీ చేయడం లేదమ్మా. కనిపెట్టుకొని కూర్చున్నాను" అంది. నేను మళ్లీ పడుకున్నాను. ముప్పై ఏళ్ల తరువాత ఆ మాట ఇలా తిరిగి వచ్చింది.

ఇది నాకు వ్యాకరణం సందేహం మాత్రమే కాదు, దాచుకోకుండా చెబుతున్నాను. మా అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ప్రార్థన మానలేదు, కానీ మాటలు నా గదిలోనే తిరిగి నా దగ్గరకే వస్తున్నట్టు ఉంటుంది. కూటాలలో "దేవుని సన్నిధిలో లోతైన అనుభవం పొందండి" అని బోధిస్తుంటే ఆశగా వింటాను. నాకు అది కావాలి. ఎలా పొందాలో తెలియడం లేదు. అయితే ఈ కీర్తనలో లోతు అనేది మొదటి వచనంలోనే ఉంది: "యెహోవా, అగాధస్థలములలోనుండి నేను నీకు మొఱ్ఱపెట్టుచున్నాను." అక్కడ లోతు ఆ మనిషి చేరుకోవాలనుకున్న చోటు కాదు, అతడు పడి ఉన్న చోటు. అక్కడ ఉన్నవాడు ఆరో వచనం వచ్చేసరికి చేస్తున్న పని 'కనిపెట్టడం'. ఆ పని ఏమిటో తెలిస్తే బాగుండును.

ఈ మాట నిర్మాణం, పాత వాడుక తెలిసినవారు చెప్పండి.

—

ఒంగోలు నుంచి ఒక విశ్రాంత తెలుగు మాస్టారు:

అమ్మా, మీ అమ్మాయి అడిగినది సరైన ప్రశ్న. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఈ మాటను ఇలా నిలబెట్టి ఎన్నడూ చూడలేదు.

'కను' అంటే చూచు. దాని క్త్వార్థక రూపం 'కని', అంటే 'చూసి'. దానికి 'పెట్టు' చేరింది. ఇలా 'పెట్టు' చేరిన క్రియలు మనకు కొల్లలు: దాచిపెట్టు, మూసిపెట్టు, తెచ్చిపెట్టు, చెప్పిపెట్టు. వీటిలో చాలావాటికి ఒక గుణం ఉంది. పని జరిగిపోయి ఊరుకోదు, దాని ఫలితం అక్కడే నిలిచి ఉంటుంది. దాచిపెట్టిన డబ్బు దాగే ఉంటుంది. మూసిపెట్టిన గిన్నె మూసే ఉంటుంది. అలాగే కనిపెట్టడం అంటే చూసి, ఆ చూపును అక్కడే ఉంచడం. ఒకసారి చూసి తల తిప్పుకోవడం కనిపెట్టడం కాదు.

ఈ అర్థం చచ్చిపోయిందని అనుకోకండి. "పొయ్యి మీద పాలు ఉన్నాయి, కనిపెట్టి ఉండు" అంటాం. "ముసలాయనను కోడలే కనిపెట్టుకొని ఉంటోంది" అంటాం. ఇవి బైబిలు భాష కాదు, ఇంట్లో భాష. చూపు తీయకుండా ఉన్నవాడికి ఇతరులకు అందనిది అందుతుంది. అందుకే "నా మనసులో మాట కనిపెట్టేశావు" అంటాం, దొంగను కనిపెట్టారు అంటాం. అక్కడ నుంచి శాస్త్రవేత్త కొత్త యంత్రం కనిపెట్టడం దాకా నడిచి వచ్చింది ఈ మాట. పాఠ్యపుస్తకం మీ అమ్మాయికి ఈ దారిలో చివరి మెట్టు నేర్పింది. మీ అమ్మమ్మ గారు మొదటి మెట్టు మీద కూర్చున్నారు.

దీని పక్కనే 'కనుగొను' పెట్టి చూడండి. కను, కొను. కొను అంటే తీసుకొను. చూసి, తనదిగా తీసుకోవడం కనుగొనడం. చూసి, తన చూపును అవతల పెట్టడం కనిపెట్టడం. ఒకదానిలో చేయి ఇటు వస్తుంది, మరొకదానిలో అటు వెళుతుంది. ఈ రెండింటికీ ఇవాళ ఒకే అర్థం చెప్పుకుంటున్నాం, అది మన అలసత్వం.

మరొకటి. నిన్న రాత్రి మీ పోస్టు చదివాక, వేచి ఉండటానికి మనకున్న మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఎదురుచూచు. అందులో చూపు ఉంది. నిరీక్షించు, ప్రతీక్షించు. రెండింటిలోనూ ఉన్నది 'ఈక్ష్' ధాతువు, అంటే చూడటం. కనిపెట్టు సరే సరి. కళ్లు కాయలు కాయడం, కళ్లలో వత్తులు వేసుకోవడం. మన భాషలో వేచి ఉండే పని కాళ్లకు కాదు, చేతులకు కాదు, దాదాపు పూర్తిగా కళ్లకు అప్పగించారు. ఎందుకో నాకు తెలియదు గాని, రాసుకున్న కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

—

చికాగో నుంచి ఒక సభ్యుడు:

అక్కా, మాస్టారు గారు చెప్పినది విని సంతోషించాను. అయినా నా మాట వేరు. ఇక్కడ మా సంఘంలో ఆదివారం పిల్లల చేత తెలుగు బైబిలు చదివించే పని నాది. వాళ్లు తెలుగు చదవడమే కష్టం. 'కనిపెట్టుచున్నది' దగ్గరకు రాగానే వాళ్లకు ప్రయోగశాల గుర్తుకు వస్తుంది. ఒక మాట వినగానే తప్పు బొమ్మ కళ్ల ముందుకు వస్తుంటే ఆ మాటను పట్టుకొని వేలాడటం ఎవరి మేలుకు? 'ఎదురుచూస్తోంది' అని మారిస్తే పిల్లవాడు వెంటనే దేవుని దగ్గరకు వెళతాడు. అనువాదకులు కూడా యెషయా 40:31లో "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అనే రాశారు కదా. అక్కడ పనికివచ్చిన మాట ఇక్కడ పనికిరాదా? పాతదని ఒక మాట మీద మమకారం పెంచుకొని, పిల్లలను గుమ్మం బయట నిలబెట్టకూడదని నా బాధ.

—

మొదటి పోస్టు రాసినామె:

తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది. మా అమ్మాయి కూడా ఆ గుమ్మం దగ్గరే ఆగింది. కానీ ఆగినందువల్లనే అడిగింది. 'ఎదురుచూస్తోంది' అని ఉంటే చదువుకొని వెళ్లిపోయేది, నేనూ వెళ్లిపోయేదాన్ని.

మాస్టారు గారూ, మీ కాగితం సంగతి చదివి నాకు మా తాతయ్య ఆఖరి రోజులు గుర్తుకు వచ్చాయి. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నారు. అమ్మమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉండేది. డాక్టరు చేసేది డాక్టరు చేశారు, నర్సు చేసేది నర్సు చేసింది. అమ్మమ్మ చేయడానికి ఏమీ లేదు. అయినా ఆమె అక్కడ లేకపోతే తాతయ్య కళ్లు తలుపు వైపు తిరిగేవి. "మీ అమ్మమ్మే ఆయన్ని కనిపెట్టుకొని ఉంది" అని ఊళ్లో అందరూ అన్నారు. నడవాలో నాలుగింటికి చేసినదీ, ఆసుపత్రిలో చేసినదీ ఒకటే పని అని, ఒకటే మాట అని ఇవాళ తెలిసింది. ఎదురుచూడటం అంటే రాని మనిషి కోసం. కనిపెట్టుకొని ఉండటం అంటే పక్కనే ఉన్న మనిషి దగ్గర కూడా చేయవచ్చు. ఈ తేడా నాకు చిన్నదిగా అనిపించడం లేదు.

—

రాజమండ్రి నుంచి ఒక పాస్టరు గారు:

అమ్మా, వందనాలు. హీబ్రూ కొంత చదువుకున్నాను గనుక, మూలంలో ఏమి ఉందో చెబుతాను.

ఆరో వచనంలో హీబ్రూలో క్రియ లేదు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో పెడితే, "నా ప్రాణం ప్రభువుకు, ఉదయానికి కావలివాళ్లకంటె, ఉదయానికి కావలివాళ్లు" అని వస్తుంది. అంతే. ఊపిరి ఆడనివాడు మాట్లాడినట్టు ఉంటుంది. ఐదో వచనంలో క్రియ చెప్పాడు, ఆరులో ఇక చెప్పలేకపోయాడు. ఆ ఖాళీలో మన అనువాదకులు 'కనిపెట్టు' పెట్టారు.

ఐదో వచనంలోని హీబ్రూ క్రియ 'కవా'. ఆశ అనే అర్థమున్న 'తిక్వా' దీని బంధువు. యెహోషువ గ్రంథంలో రాహాబు కిటికీకి కట్టిన దారానికి కూడా 'తిక్వా' అనే మాటే వాడారు. అందుకే ఈ క్రియలో బిగించి పట్టిన తాడు ఉందని చెబుతారు. వదులుగా కూర్చోవడం కాదన్నమాట.

అయితే నాకు అంతకంటె ఆశ్చర్యం కలిగించినది వేరే ఉంది. మూడో వచనం చూడండి.

"యెహోవా, నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?"

ఇక్కడా కనిపెట్టడమే! హీబ్రూలో ఇక్కడ ఉన్న క్రియ 'షామర్', కాచు, గమనించి ఉంచు అని అర్థం. ఆరో వచనంలో కావలివారు అన్న చోట ఉన్నది 'షోమ్రీమ్'. అదే ధాతువు. మూలంలో మూడో వచనానికీ ఆరో వచనానికీ మధ్య ఒక ప్రతిధ్వని ఉంది. చాలా భాషలలో ఒకచోట ఒక మాట, మరొకచోట మరొక మాట వాడటం వల్ల అది వినబడదు. తెలుగులో వినబడుతుంది. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ వారు మొదలుపెట్టిన పని ఎన్నో చేతులు మారి మన దాకా వచ్చింది. అందులో ఎవరు తెలిసి చేశారో, తెలియక చేశారో గాని, ఈ ఒక్క కీర్తనలో 'కనిపెట్టు' రెండు వైపులా తిరుగుతుంది. మూడో వచనంలో దేవుడు మన దోషాలను కనిపెడితే మనం నిలువలేము. నాలుగో వచనంలో ఆయన దగ్గర క్షమాపణ దొరుకుతుంది. ఆ తరువాత మనం ఆయనను కనిపెట్టుకొని ఉంటాం. ఆయన కళ్లు మన తప్పుల మీద నుంచి తప్పుకున్నాకనే మన కళ్లు ఆయన మీద నిలుస్తాయి. చికాగో సోదరుడు నన్ను మన్నించాలి, ఇక్కడ 'ఎదురుచూస్తోంది' అని మారిస్తే ఈ తీగ తెగుతుంది.

మీ అనుభవం గురించి ఒక మాట. సంఘ కాపరిగా కాదు, మీలాంటి మనిషిగా చెబుతున్నాను. ఈ కీర్తన ఎనిమిది వచనాలు. ఉదయం వచ్చిందని ఎనిమిదింటిలో ఎక్కడా లేదు.

—

ప్రకాశం జిల్లా పల్లె నుంచి ఒక సభ్యుడు:

నాకు హీబ్రూ రాదు, వ్యాకరణం అంతగా రాదు. కావలి తెలుసు.

మా నాన్న జొన్నచేనుకు కావలి కాసేవారు. నాలుగు గుంజలు పాతి మంచె కట్టేవారు. రాత్రి అడవిపందుల కోసం, తెల్లవారితే పిట్టల కోసం. పదేళ్ల వయసులో రెండు మూడు రాత్రులు నన్నూ మంచె ఎక్కనిచ్చారు. మొదటి జాము సరదాగా ఉంటుంది. రెండో జాములో నిద్ర వస్తుంది. మూడో జాము అన్నింటికంటె కష్టం. నిద్ర కూడా రాదు, చలి ఎముకల్లోకి దిగుతుంది, ఏమీ జరగదు. పంది రాదు, మనిషి రాడు, ఆకాశం మారదు. "ఇంకెంతసేపు నాన్నా?" అంటే ఆయన తూర్పు వైపు చేయి చూపి, "వేగుచుక్క పొడుస్తుంది చూడు" అనేవారు. పొడిచేదాకా నేను తూర్పు తప్ప మరో వైపు చూసేవాణ్ణి కాదు.

ఒక సంగతి మాత్రం చెప్పగలను. తెల్లవారదేమో అన్న భయం ఆ మూడో జాములో కూడా నాకు రాలేదు. ఆలస్యమవుతోందన్న బాధే. పొద్దు పొడవడంలో మా నాన్న చేయి ఏమీ లేదు. అయినా ఆయన మంచె దిగి ఇంటికి పోలేదు. పోతే చేను పోతుంది.

కీర్తన రాసినాయన తన బాధకు పోలికగా కావలివాణ్ణే ఎందుకు తెచ్చుకున్నాడో మంచె ఎక్కినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

—

భాగవతం చదువుకునే ఒక పెద్దాయన, తిరుపతి:

అమ్మాయీ, మాది వైష్ణవ సంప్రదాయం. మీ గ్రంథం గురించి చెప్పే అధికారం నాకు లేదు. కానీ మీరు 'అగాధస్థలములలోనుండి' అనగానే నాకు మడుగులో ఉన్న గజేంద్రుడు కనబడ్డాడు, మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను.

మొసలి పట్టు విడవదు, ఒంట్లో సత్తువ పోయింది. అప్పుడు పోతన గారు ఆ ఏనుగు చేత అనిపించిన కందం:

కలడందురు దీనులయెడ
గలడందురు పరమయోగి గణములపాలం
గలడందు రన్నిదిశలను
గలడు కలండనెడివాడు కలడో లేడో

మాటలు నా దగ్గరకే తిరిగి వస్తున్నాయని మీరు రాశారు. గజేంద్రుడు సరిగ్గా ఆ చోట నిలబడి ఈ మాట అన్నాడు. ఉన్నాడని అందరూ అంటున్నారు, నాకు మాత్రం తెలియడం లేదు, అని. భక్తుడి నోట ఈ సందేహం పెట్టడానికి పోతన గారు వెనుకాడలేదు. ఆ సందేహం తరువాతనే "నీవే తప్ప నితఃపరం బెఱుగ" వచ్చింది. "కావవే వరద" వచ్చింది. నా యాభై ఏళ్ల పారాయణంలో నాకు తెలిసినది ఇది: 'కలడో లేడో'ను దాటవేసి 'నీవే తప్ప' దగ్గరకు వెళ్లే దారి లేదు.

మాట సంగతికి వస్తాను. 'కావవే'లో ఉన్నదీ, మీ కావలివారిలో ఉన్నదీ ఒకటే, కాచు. కాపు, కావలి, కాపాడు అన్నీ ఆ కొమ్మలే. గజేంద్రుడు నన్ను కావు అన్నాడు. మీ కీర్తనకారుడు తానే కావలివాడు అయ్యాడు. ఎవరు ఎవరిని కాస్తున్నారో చూడండి!

ఇక సన్నిధి. మా గుళ్లలో ఇది ఒక స్థలం పేరు కూడా. అమ్మవారి సన్నిధి, ఆళ్వారుల సన్నిధి అంటాం. సమ్, ని అనే ఉపసర్గలకు 'ధా' ధాతువు చేరి వచ్చిన మాట. ధా అంటే ఉంచు, పెట్టు. దగ్గరగా ఉంచబడటం సన్నిధి. నిధి కూడా ఆ ధాతువు బిడ్డే, దాచి ఉంచినది. అందుకే త్యాగరాజస్వామి "నిధి చాల సుఖమా రాముని సన్నిధి సేవ సుఖమా" అని కల్యాణి రాగంలో మనసును అడిగినప్పుడు, ఆ రెండు మాటలూ ఒక ఇంట్లో పుట్టి వేరు కాపురాలు పెట్టుకున్నవే. పెట్టెలో ఉంచుకున్నదా, పక్కన ఉన్నవాడా? అడగవలసిన ప్రశ్నను ఆయన ఒక్క ఉపసర్గ తేడాతో అడిగారు.

—

రాజమండ్రి పాస్టరు గారు మళ్లీ:

పెద్దవారికి నమస్కారం. మీరు 'ధా'కు 'పెట్టు' అని అర్థం చెప్పారు. కనిపెట్టడంలోనూ పెట్టడమే ఉంది. ఇది నాకు ఇంతవరకు తట్టలేదు. ఆయన తనను దగ్గర పెట్టుకుంటే సన్నిధి, మనం చూపును అక్కడ పెడితే కనిపెట్టడం. మాట పుట్టుక నుంచి సిద్ధాంతం తీయకూడదని మా గురువులు హెచ్చరించేవారు, అందువల్ల ఇంతకంటె లాగను.

మా గ్రంథంలో సన్నిధి అన్న చోట హీబ్రూలో తరచుగా ఉండేది 'ముఖం' అనే మాట. 42వ కీర్తనలో "దేవుని సన్నిధికి నేనెప్పుడు వచ్చెదను?" అన్నది ముఖం గురించే. ఈ తెలుగు మాట గుడి నుంచి మాకు వచ్చింది, దానిని మేము చర్చిలో మాదిగా వాడుకుంటున్నాం. ఇక్కడ రాజమండ్రిలోనే ముంగమూరి దేవదాసు గారు 1938లో ప్రారంభించిన బైబిలు మిషనులో దైవసన్నిధి అన్న మాటకు ఎంత స్థానం ఉందో ఈ ప్రాంతంవారికి తెలుసు. పెద్దవారి దగ్గర తీసుకున్న మాటకు ఇవాళ కృతజ్ఞత చెప్పే సందర్భం దొరికింది.

రోమా పత్రికలో ఒక వచనం కూడా ఈ చర్చలో ఉండాలి. "దేవుని కుమారుల ప్రత్యక్షతకొరకు సృష్టి మిగుల ఆశతో తేరిచూచుచు కనిపెట్టుచున్నది." ఎనిమిదో అధ్యాయం, 19వ వచనం. మూలంలో ఉన్న గ్రీకు మాట 'అపొకరదొకియ'లో తల చాచి చూడటం ఉంది. 'తేరిచూచుచు' అని అనువదించినవారి చేతికి మొక్కాలి. అక్కడ కనిపెడుతున్నది ఒక మనిషి కాదు, సృష్టి అంతా.

—

చికాగో సభ్యుడు:

మూడో వచనం సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను, అక్కడ మాట మార్చకూడదు. కానీ పాస్టరు గారూ, పిల్లల కష్టం అలాగే ఉంది. ఈ వివరమంతా ప్రతి పిల్లవాడికీ చెప్పేవారు ఎవరు? మీ దగ్గర అమ్మమ్మలు ఉన్నారు. మా పిల్లలు అమ్మమ్మను వారానికి ఒకసారి ఫోనులో చూస్తారు. మాట బతకాలంటే దాన్ని ఇంట్లో ఎవరో ఒకరు వాడుతూ ఉండాలి. పాలు పొయ్యి మీద పెట్టి "కనిపెట్టి ఉండు" అని నేను మా వాడితో ఎన్నడూ అనలేదు. ఆ తప్పు బైబిలుది కాదు, నాది. వచ్చే ఆదివారం వచనం చదివించే ముందు ఈ వాడుకలు చెప్పి చూస్తాను. అప్పటికీ అందకపోతే మళ్లీ వచ్చి వాదిస్తాను.

—

ఒంగోలు మాస్టారు:

బాబూ, తప్పకుండా రండి. మీ వాదన లేకపోతే నేను కనుగొను, కనిపెట్టు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఇప్పుడు కీర్తన మొత్తం తీసి మళ్లీ చదివాను. మీరందరూ చూశారో లేదో. మొదటి వచనంలో మొఱ్ఱపెట్టుచున్నాను. ఐదో వచనంలో కనిపెట్టుకొనుచున్నాను, దాని వెంటనే "ఆయన మాటమీద నేను ఆశపెట్టుకొనియున్నాను." మూడూ 'పెట్టు'లే. గొంతు పెట్టాడు, చూపు పెట్టాడు, ఆశ పెట్టాడు. ఆ లోతులో అతని దగ్గర ఇంకేమి మిగిలింది పెట్టడానికి?

ఐదులో 'కనిపెట్టుకొను', ఆరులో 'కనిపెట్టు' అని ఉండటం కూడా గమనించండి. 'కొను' చేరితే పని తన కోసం చేసుకున్నట్టు. ఆరో వచనానికి వచ్చేసరికి ఆ 'కొను' రాలిపోయింది. ఇది అనువాదకుల ఉద్దేశమని నేను అనను. తెలుగు చెవికి మాత్రం అలా వినబడుతుంది.

—

మొదటి పోస్టు రాసినామె:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఒక్కొక్కరికి విడిగా రాయాలని ఉంది గాని, ఇవాళ ఒక్క సంగతే చెప్పగలను.

మాస్టారు గారి మాట చదివాక, ఈ తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. అమ్మమ్మలాగే గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఈ రెండేళ్లలో నేను ప్రార్థన అని కూర్చున్న ప్రతిసారీ ఏదో కనుగొనాలని కూర్చున్నాను. ఒక ఓదార్పు, ఒక గుర్తు, అమ్మ బాగుందన్న ఒక మాట. దొరకకపోతే లేచిపోయేదాన్ని. ఇవాళ ఏమీ అడగలేదు. ఏదో జరిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఏమీ జరగలేదు. చలిగా ఉంది. వీధిలో పాలవాడి సైకిలు వెళ్లింది. కానీ లేచిపోవాలని అనిపించలేదు. మంచె మీది మూడో జాము గురించి రాసిన అన్నయ్య గారూ, మీ నాన్నగారు నాకు తోడుగా కూర్చున్నట్టే ఉంది.

పెద్దాయన గారూ, 'కలడో లేడో' పద్యం చిన్నప్పుడు బడిలో కంఠస్థం చేశాను. అది నా ప్రశ్న కూడా అని ఇన్నేళ్లు తెలియలేదు. రాసి పెట్టుకున్నాను.

ఐదున్నరకు మా అమ్మాయి లేచి వచ్చి పక్కన కూర్చుంది. "ఏం చేస్తున్నావు?" అంది. "కనిపెట్టుకొని కూర్చున్నాను" అన్నాను. అర్థం అడగలేదు. దుప్పటి సగం లాక్కుంది. కాసేపటికి తన బైబిలు తెచ్చి, మూడో వచనంలో ఒకసారి, ఆరో వచనంలో రెండుసార్లు పెన్సిలుతో గీత గీసింది. తరువాత మొదటి వచనం మీద వేలు పెట్టి, "మొఱ్ఱలో ఈ అక్షరం ఏమిటి? మా పుస్తకంలో ఇలా లేదు" అంది. బండి ఱ గురించి నాకు తెలిసినది చెప్పాను, అది చాలా తక్కువ. మాస్టారు గారూ, మామూలు ర, బండి ఱ ఒకప్పుడు వేరుగా పలికేవారా? మొఱ్ఱ, ఎఱ్ఱ, గుఱ్ఱం అన్నింటిలో ఎందుకు అలా రాశారో రేపు వేరే పోస్టులో అడుగుతాను. మీరు ఉంటారు కదా.